నోట్సు చెప్పని టీచరు

ఏడో తరగతి బి సెక్షన్ తల్లిదండ్రుల సమావేశాల్లో మేము మామూలుగా క్లాసురూముకు కొనాల్సిన కర్టెన్ల గురించి మాట్లాడుకుంటాం. ఆ బుధవారం సాయంత్రం కర్టెన్ల ఊసు లేదు. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాం. దోరిన్ బుర్లాకు అనే ఆయన చేతిలో ఒక అర్జీ బెంచీ బెంచీ తిరుగుతోంది. అతను మా పేటకు రొట్టెల వ్యాను నడుపుతాడు, అందరికీ తెలిసిన మనిషి. సాహిత్యం చెప్పే స్మరాండా హింకు అనే టీచరు దగ్గర నుంచి మా పిల్లల క్లాసు తీసేసి ఇంకొకరికి ఇవ్వాలని ఆ అర్జీ.

నా దగ్గరకు వచ్చేసరికి కాగితం మడిచి, సంతకం పెట్టే చోటు మాత్రం పైకి ఉంచి, వేలితో చూపించాడు.

"విప్పండి, చదువుతాను," అన్నాను.

"చదవడానికేముందమ్మా, మేం రాసిందేగా. అందరూ పెట్టారు."

"చదవకుండా నేను పాలవాడి రసీదు మీద కూడా పెట్టను."

"మీ ఆయన ఎలా వేగుతున్నాడో," అని కాగితం లాక్కుని ముందు బెంచీకి వెళ్ళిపోయాడు.

అతని కోపం ఉత్తిది కాదు. ఎనిమిదో తరగతి చివర దేశమంతటికీ ఒకే పరీక్ష. ఒక కథ ముక్క ఇస్తారు, కథ కాని పాఠం ఒకటి ఇస్తారు, వాటి మీద ప్రశ్నలు. మార్కులొస్తేనే గలాత్సి పట్నంలో మంచి హైస్కూలు. మిగతా సెక్షన్లలో టీచర్లు ఏ కథకు ఏం రాయాలో నోట్సు చెప్పి బట్టీ పట్టిస్తారు. స్మరాండా చెప్పదు. చదవమంటుంది, ఏ వాక్యం చూసి అలా అనుకున్నారో చూపించమంటుంది.

హెడ్‌మిస్ట్రెస్ అగ్లాయా గారు కోటు విప్పకుండానే వచ్చి వెనక కూర్చున్నారు. ఆమె వెంట స్మరాండా వచ్చింది. విషయం ఆమెకు తెలుసని మొహం చూస్తేనే అర్థమైంది. తలా ఒక కాగితం పంచింది.

"ఒక పేజీ కథ. సంత రోజున ఒక మంగలి, ఒకాయనకు సగం గడ్డం గీసి, దుకాణం మూసేసి వెళ్ళిపోతాడు. ఎందుకు వెళ్ళాడు?"

దోరిన్ కాగితం తిప్పను కూడా తిప్పలేదు. "జన్మభూమి మీద ప్రేమ."

"చదివారా?"

"చదవక్కర్లేదు టీచరు గారూ. మా రోజుల్లో ఏ కథకైనా అదే. కాకపోతే రైతు కష్టాలు."

"ప్రకృతి సౌందర్యం కూడా ఉండేది," అన్నారు కిటికీ దగ్గర ఎవరో. గదంతా నవ్వింది. ఆ పేజీలో సబ్బు నురగ, కత్తి, అద్దం తప్ప ఒక్క ఆకు కూడా లేదు.

నవ్వులు తగ్గాక మందుల షాపులో పనిచేసే ఆన్కా నిజంగానే చదివింది. "భయపడ్డాడండీ. ఆ కుర్చీలో ఉన్నవాడిని గుర్తుపట్టాడు."

"భయం కాదు, సిగ్గు," అంది పక్కావిడ. "అద్దంలో వాడి కళ్ళలోకి చూడలేకపోయాడని ఉంది, చూడు."

"సిగ్గైతే చెయ్యెందుకు వణుకుతుంది?"

ఇద్దరూ ఒకే కాగితం మీద వేళ్ళు పెట్టి పోట్లాడుకున్నారు. స్మరాండా కాసేపు వాళ్ళనలాగే వదిలేసింది.

"ఇప్పుడు కథ కానిది," అంది తర్వాత. "దోరిన్ గారూ, మీ చేతిలోది బిగ్గరగా చదవండి."

"ఇది మీకు కాదు. మేడమ్ గారికి."

"నా గురించి రాసింది నేను వినకూడదా?"

"చదవండి," అన్నారు అగ్లాయా గారు వెనక నుంచి.

అతను చదువుతుంటే స్మరాండా వాక్యాలను బోర్డు మీద రాసింది. మా పిల్లలకు పెట్టే పరీక్షలో ఒక పద్ధతుంది: వాక్యం ఇస్తారు, ఒప్పో తప్పో ఆధారం చూసి చెప్పాలి. అదే పెట్టింది మాకు.

"'బి సెక్షన్ తల్లిదండ్రులమందరమూ.' ఒప్పా, తప్పా?"

"తప్పు," అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "నేను సంతకం పెట్టలేదు."

"'ఈ ఏడాది పిల్లలు ఏమీ నేర్చుకోలేదు.'"

ఆన్కా దోరిన్ వైపు చూసింది. "మీ అమ్మాయి యుస్తీనా మొన్న షాపుకొచ్చి దగ్గుమందు డబ్బాలో కాగితమంతా చదివింది. రోజుకి మూడుసార్లని ఉంది, తిన్నాకో తినకముందో లేదేంటని నన్ను నిలదీసింది. నేను ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది."

"ఇంట్లోనూ అదే గోల," అన్నాడు దోరిన్. "మొన్న నా ఇన్సూరెన్సు కాగితం పట్టుకుంది."

"మరి ఒప్పా, తప్పా?"

అతను పెన్ను తీశాడు. అర్జీలో ఆ వాక్యమూ, 'అందరమూ' అన్న మాటా కొట్టేశాడు.

"'పిల్లలకు ఆమె క్లాసంటే భయం.' ఎవరిని అడిగారు?"

ఎవరినీ అడగలేదు. అదీ పోయింది.

"'టీచరు నోట్సు చెప్పి రాయించడానికి నిరాకరిస్తున్నారు.' ఇది ఒప్పు," అంది స్మరాండా. దోరిన్ చేతిలో పెన్ను తీసుకుని ఆ వాక్యం పక్కన తన సంతకం పెట్టింది.

అగ్లాయా గారు లేచారు. "ఎందుకమ్మా ఈ పంతం. నెలకి రెండు నోట్సులు చెప్తానను. నేను వీళ్ళకి సర్దిచెప్తాను, క్లాసు నీ దగ్గరే ఉంటుంది."

"చెప్పను."

"క్లాసు పోతే?"

"పోతే పోతుంది. చదవకుండానే జన్మభూమి మీద ప్రేమని రాసేవాళ్ళని నేను తయారుచెయ్యను. ఇక్కడ గదినిండా ఉన్నారు."

ఎవరూ నవ్వలేదు. దోరిన్ మొహం ఎర్రబడింది.

"మీకేం, రేపు మార్కులు పోతే పోయేది మా అమ్మాయివి. నేను తెల్లారకముందే లేచి రొట్టెలు మోసేది ఆ పిల్ల గలాత్సి వెళ్ళాలనే."

"అది ఈ కాగితంలో లేదు," అంది ఆమె, గొంతు తగ్గించి. "అసలు మాట అదే అయితే అదే రాయండి. మార్కులు పోతాయేమోనని మేం భయపడుతున్నాం అని. దానికి ఒప్పు పెడతాను."

అతను కూర్చుని రాశాడు. పిల్లల బెంచీ మీద వంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాశాడు. రాసి కాగితం చుట్టూ తిప్పాడు, ఈసారి మడవకుండా. నేను మొత్తం చదివాను. ఒక నిజం, ఒక భయం, కింద క్లాసు మార్చాలన్న కోరిక. ఆ భయం నాకూ ఉంది. కోరిక లేదు. పక్కకు ఇచ్చేశాను.

ఆన్కా తన పేరు కొట్టేసింది. తర్వాత పక్కావిడ. కిటికీ దగ్గరాయన పెన్ను పట్టుకుని ఆలోచించి కొట్టేయకుండానే ముందుకు పంపాడు. కాగితం అగ్లాయా గారి చేతికి వచ్చేసరికి చాలా పేర్ల మీద గీతలున్నాయి. దోరిన్ పేరు మీద లేదు.

ఆమె చదివి సంచిలో పెట్టుకున్నారు. "దీంతో నేను క్లాసు మార్చను. పరీక్ష మార్కులొచ్చాక నన్నూ ఆమెనూ కలిపి అడగండి."

"అడుగుతాను," అన్నాడు దోరిన్. "నా పేరు మాత్రం కొట్టెయ్యను."

"కొట్టెయ్యొద్దు," అంది స్మరాండా, బోర్డు తుడుస్తూ. "సోమవారం కూడా నోట్సు చెప్పను."

"తెలుసు," అన్నాడు అతను, బెంచీలోంచి మోకాళ్ళు లాక్కుంటూ. "అర్జీలో నేనే రాశానుగా."