రెండు వేళ్ల కొసరు

అంకమ్మరావు కొలిచి ఇచ్చిన గుడ్డని ఇంటికెళ్లి మళ్లీ కొలిస్తే ఎప్పుడూ రెండు వేళ్లు ఎక్కువే వస్తుంది. విజయవాడ వన్ టౌన్‌లో ఆయన చేనేత బట్టల కొట్టుకి ఉన్న పేరంతా ఆ రెండు వేళ్ల మీదే నిలబడింది. మీటరు కర్ర పెట్టి సరిగ్గానే కొలుస్తాడు, కత్తెర మాత్రం కాస్త అవతల పెడతాడు. ఉతికితే నూలు కుంచించుకుపోతుంది, కొన్నవాళ్లు ఉసూరుమనకూడదు అంటాడు. పామర్రు దగ్గర మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాడు కాబట్టి బట్ట సంగతి ఆయన చెబితే కాదనేవాళ్లు లేరు. మంచివాళ్లతో వచ్చే చిక్కే ఇది. వాళ్లని మధ్యలో ఎవరూ ఆపరు.

ఆయన కూతురు రేణుక ఇంజనీరింగ్ ఆఖరి సెమిస్టర్ చదువుతోంది. ఏడాదిగా సొంతంగా ఒక గేమింగ్ కంప్యూటర్ కడుతోంది. ఆ మాట వినగానే పెద్దవాళ్లు పెదవి విరుస్తారు గానీ, అందులో ఉన్న పని చూస్తే విరవరు. పెద్ద గేములు ఆడించే కంప్యూటర్ మామూలుగా బియ్యం డబ్బా అంత ఉంటుంది. అదే సత్తువతో, భుజానికి తగిలించుకునే సంచిలో పట్టేదాన్ని చెయ్యాలని రేణుక పంతం. మదర్‌బోర్డునీ గ్రాఫిక్స్ కార్డునీ వీపులు ఆనించి నిలబెట్టింది. వైర్లన్నీ తనే పొట్టిగా కత్తిరించి కొత్త కొసలు బిగించింది. ఒక ఫ్యాను పెడితే మూత పడేది కాదు, తీస్తే లోపల వేడికి కంప్యూటర్ ఆగిపోయేది. కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. చివరికి అన్నీ ఒక సన్నటి చట్రంలో కుదురుకున్నాయి. పైన తొడగాల్సిన అల్యూమినియం డబ్బా ఒక్కటే మిగిలింది.

ఇదంతా సరదాకి కాదు. ఇలాంటి చిన్న కంప్యూటర్లే తయారుచేసే హైదరాబాద్ కంపెనీ ఒకటి బెజవాడలో ఒక ఆదివారం పోటీ పెట్టింది. ఎవరు కట్టింది వాళ్లు తీసుకురావాలి. ముందు అది అక్కడి అద్దాల పెట్టెలో పట్టాలి, తర్వాత అరగంట సేపు బరువైన గేము నడిపినా తడబడకూడదు. గెలిచినవాళ్లకి ఉద్యోగం. ఇంట్లో ఒప్పందం కూడా సూటిగానే ఉంది. గెలిస్తే హైదరాబాద్, లేకపోతే సోమవారం నుంచి కొట్లో బిల్లింగ్ కౌంటర్. కొట్టంటే రేణుకకి చిన్నచూపేమీ లేదు. ఒకసారి అక్కడ కూర్చుంటే ఇక లేవలేనని మాత్రం ఆమెకి గట్టి భయం.

డబ్బా కొలతలు కాగితం మీద గీసే సమయానికి పరీక్షలు వచ్చిపడ్డాయి. ఆటోనగర్ దాకా వెళ్లే తీరిక లేక కాగితాన్ని తండ్రి చేతికిచ్చింది. కూతురు తన పనిలో సాయం అడగడం అదే మొదటిసారి. అంకమ్మరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు.

రేకు పనిచేసే జీవరత్నం కాగితం చూసి, "ఇందులో ఉన్నట్టే కోసెయ్యమంటారా అండీ?" అని అడిగాడు.

"ఆగవయ్యా. అన్ని వైపులా ఓ రెండు వేళ్లు వదులు పెట్టు. మరీ బిగుతుగా ఉంటే పిల్ల ఇబ్బంది పడుద్ది."

"రేకు కుంచించుకుపోదండీ."

"పోకపోతే మరీ మంచిది. ఉండనీ."

జీవరత్నం తలూపి, లోపలి చట్రం కదలకుండా మూలల్లో చిన్న దిమ్మలు కూడా బిగించాడు. చెప్పినదానికన్నా పని బాగానే చేశాడు పాపం.

ఆఖరి పరీక్ష రాసి శనివారం సాయంత్రం ఇంటికొచ్చిన రేణుక డబ్బా తొడిగి చూసింది. ఏడాదిగా ఏదీ దేంట్లోనూ అంత సులువుగా దిగలేదు. టేపు పెట్టి కొలిస్తే అన్ని వైపులా రెండు వేళ్లు ఎక్కువ, పోటీ వాళ్ల అద్దాల పెట్టెలో పట్టదు. మర్నాడే పోటీ, ఆదివారం ఆటోనగర్‌లో రేకు కోసేవాళ్లుండరు.

"చూశావా, ఎంత హాయిగా దిగిందో," అన్నాడు అంకమ్మరావు, పక్కనే నిలబడి.

"బావుంది నాన్నా," అంది రేణుక.

ఈ మొహమాటం ఉందే, దానికి మందు లేదు. అత్తెసరు మార్కులొచ్చినా ఇంట్లో చెప్పగలిగిన పిల్ల ఈ ఒక్క మాట చెప్పలేకపోయింది. పోటీ హాల్లో ఎవరూ చూడకుండా డబ్బా ఊడదీసి చట్రం మాత్రమే పెడదాం అనుకుంది. తండ్రి కూడా బయల్దేరతాడని, పక్క కొట్టు దుర్గాశంకర్‌ని వెంటబెట్టుకుని మరీ వస్తాడని ఆమె అనుకోలేదు.

పోటీ బందరు రోడ్డులో ఒక కల్యాణమండపంలో జరిగింది. రేణుక వంతు వచ్చేసరికి తండ్రి ముందు వరసలో ఉన్నాడు. న్యాయనిర్ణేత స్టీఫెన్ ఆమె కంప్యూటర్‌ని అద్దాల పెట్టెలోకి దించబోయాడు. అది అంచుల మీదే ఆగిపోయింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. లాభం లేకపోయింది.

"పై డబ్బా తీసేసి పెట్టండి మేడం," అన్నాడు. "లోపలిది పడుతుంది. కొన్ని మార్కులు పోతాయంతే, రూల్స్‌లో అడ్డం లేదు."

స్క్రూడ్రైవర్ ఆమె చేతిలోనే ఉంది. ఊడదియ్యాల్సినవి నాలుగు మరలు. ముందు వరసలో అంకమ్మరావు దుర్గాశంకర్ వైపు వంగి, "ఆ డబ్బా దగ్గరుండి చేయించింది నేనే," అంటున్నాడు. ఆ మాట ఆమెకి స్పష్టంగా వినపడింది.

"వద్దండీ. ఇలాగే ఉండనివ్వండి."

"బాగా ఆలోచించుకోండి."

"ఆలోచించానండీ," అంది. స్టీఫెన్ తర్వాతి పేరు పిలిచాడు.

తిరుగు ఆటోలో తండ్రీకూతుళ్లిద్దరే ఉన్నారు. కంప్యూటర్‌ని ఒళ్లో పెట్టుకున్న అంకమ్మరావు చాలాసేపు దాని అంచులు తడుముతూ కూర్చున్నాడు.

"అది తియ్యమన్నాడుగా ఆయన. ఎందుకు తియ్యలా?"

రేణుక రోడ్డు వైపు చూస్తోంది.

"నేను పెట్టించిన వదులేనా అడ్డమొచ్చింది?"

"నువ్వు అంత సంతోషంగా ఉంటే ఎట్టా చెప్పను నాన్నా."

"చెబితే ఏమయ్యేది? దుర్గాశంకర్ ముందు తల కొట్టేసినట్టుండేది. రాత్రికి అన్నం సయించేది కాదు. తెల్లారి కొట్టు తలుపులు తీసేటప్పటికి మామూలైపోయేవాణ్ణి. నీ ఉద్యోగం తెల్లారేటప్పటికి తిరిగొస్తదా?"

రేణుకకి ఏడుపొచ్చింది. ఆయన ఊరుకోబెట్టలేదు. ఆయనకి బాగా కోపంగా ఉంది, ఆ కోపం తన మీదో కూతురి మీదో తేలడం లేదు.

సోమవారం పొద్దున రేణుక బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చుంది. పాత ఖాతాదారు సంపూర్ణమ్మ జాకెట్టు గుడ్డలు బేరమాడుతూ, "అమ్మాయిని కొట్లో పెట్టేశారేంటండీ? ఉద్యోగానికి పంపుతానన్నారుగా?" అని అడిగింది.

"వచ్చేదేనండీ. నేనే చెడగొట్టాను," అన్నాడు అంకమ్మరావు.

"అబ్బే, అదేం లేదండీ," అని రేణుక అలవాటుగా నవ్వబోయింది.

ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టి కూతురి వైపు తిరిగాడు. కొట్లో ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారు, అందరూ ఇటే చూస్తున్నారు. ఆయన మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా నిలబడ్డాడు. రేణుక నవ్వు ఆపేసింది.

"అవునండీ," అంది, సంపూర్ణమ్మతో. "నాన్న వల్లే పోయింది."

అంకమ్మరావు తలూపి మళ్లీ గుడ్డ అందుకున్నాడు.