ఉప్పు చల్లినట్టు

మధ్యాహ్నం ఎండుచేపలు తిరగేసి, చేతులు కడుక్కుని, దాలమ్మ రేడియో ముందు కూర్చునేది. పెళ్లయిన ఏడు బొబ్బిలిలో కొన్న రేడియో అది. ముల్లు ఒక చోటికి తిప్పితే, వేటకి వెళ్లి సముద్రం నుంచి తిరిగిరాని భర్త అప్పలసూరి గొంతు వచ్చేది, ముందు ఆ చుట్ట దగ్గుతో సహా.

"ఒలే దాలమ్మా, పొయ్యి ఆర్పేవా? మాత్ర ఏసుకున్నావా?"

"మావ ఏటంతన్నాడు?" అని ఆ ఊరి, భావనపాడు వాళ్లు గుమ్మంలోనే అడిగి, గాలి సంగతి కనుక్కుని పోయేవారు.

పేర్లూ పనులూ మర్చిపోతున్న దాలమ్మకి ఆ గొంతే ఆసరా. కొడుకు త్రినాథ్ గజపతినగరం రమ్మంటే, "ఆ గొంతు ఊరి సివర సరుగుడు తోట దాటి రాదురా" అనేది. పొయ్యి మర్చిపోనంత కాలం ఉండమన్నాడు వాడు.

త్రినాథ్ కూతురు శ్రావణి మామ్మకి తోడుగా ఉంటూ, పడవలకి తుఫాను కబురు చెప్పే పెట్టె తయారుచేస్తోంది. దాన్ని ఆన్ చేసిన రోజు నుంచి, సరిగ్గా తాత గొంతు ఉండే చోటే గుయ్‌మని మోత. ముల్లు జరిపితే మోతా లేదు, తాతా లేడు. ఆ వారమే అన్నం మాడి, వంటింటి తడక అంటుకుంది. ఆదివారం ఆటో తెస్తానని త్రినాథ్ ఫోన్ చేశాడు.

"నీ పెట్టి తాతని మింగేసిందే," అంది దాలమ్మ. "ఆ గొంతు ఎలాగుంటాదో కూడా మర్చిపోతన్నాను."

ఆదివారం పొద్దున్నే శ్రావణి పెట్టె విప్పింది. "ఇందులో చిప్పుకి గడియారం ఉంటాది మామ్మా. తప్పకుండా ఒకే వేగంతో కొడతాది. అందుకే మోతంతా ఒక్క చోటే పడతన్నాది. కొంచెం అటూ ఇటూ ఊగుతూ కొట్టమంటే, అదే మోత నాలుగు చోట్లా పలచగా పరుచుకుంటాది. నిక్కచ్చిగా ఉండాలని నేనే ఆ ఊపు ఆపేశాను."

"ఉప్పంతా ఒక్క సేప మీదే పోసేవన్నమాట. సల్లాలే పిల్లా!"

శ్రావణి నవ్వి, ఆపిన ఊపు మళ్లీ పెట్టి, చల్లింది. మోత దూరపు అలల చప్పుడంత పలచబడింది. ఈలోగా త్రినాథ్ ఆటోతో వచ్చేశాడు.

"మజ్జాన్నం దాకా ఆగరా. ఒక్కసారి విని వస్తాను."

"ఇల్లు కాలిపోయేదాకా ఆగమంతావేటమ్మా?" అంటూనే త్రినాథ్ మూటనీ, మామ్మనీ, మనవరాలినీ ఎక్కించాడు.

సరుగుడు తోట దాటాక, ఆటో రేడియోలో మోగుతున్న పాట మధ్యలో ఎవరో దగ్గారు.

"ఒలే దాలమ్మా, పొయ్యి ఆర్పేవా?"

డ్రైవర్ ధనరాజ్ ముల్లు తిప్పాడు. వార్తల్లోనూ పలచగా అదే గొంతు. గడియారానికి మనవరాలు నేర్పిన చల్లే విద్య అప్పలసూరీ నేర్చుకున్నట్టున్నాడు.

"మావ అడుగుతన్నాడు, సెప్పత్తా," అన్నాడు ధనరాజ్.

దాలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఆర్పనేదు."

ఆటో వెనక్కి తిరిగింది. ఎసరు ఇంకా ఇగరలేదు. త్రినాథే పొయ్యి ఆర్పాడు. గూట్లో రేడియో మళ్లీ దగ్గింది.

"ఒరే తిరినాదా, సిక్కిపోయేవేట్రా?"

ఇన్నేళ్లకి తండ్రి నోట తన పేరు విన్న త్రినాథ్ పొయ్యి పక్కనే పీట లాక్కుని కూర్చున్నాడు. దాలమ్మ కంచాలు పెట్టింది. ఎవరూ చెప్పకుండానే ధనరాజ్ ఆటోలోంచి మూట దింపి, చూరు కింద పెట్టాడు.