పాట పంపింది ఎవరు?

యాప్‌లోని మొదటి స్క్రీన్‌ను ఆస్మా ఎర్రగడ్డలు తరుగుతూ గీసింది. నాలుగు గడ్డలకొకసారి కత్తి పక్కన పెట్టి, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, పోయినేటి క్యాలెండర్ వెనక పక్క పెన్సిల్‌తో గీసింది. డిజైనర్లంటే గాజు గోడల ఆఫీసుల్లో కాఫీ తాగుతూ కూర్చుంటారని ఎవరన్నా అనుకుంటుంటే, వాళ్ళు ఒకసారి ప్రొద్దుటూరు వచ్చి చూడాలి. ఈమెకు దొరికేది పదకొండు నుంచి ఒంటిగంట దాకా. బట్టలు ఆరేశాక, షాహిద్ అన్నానికి వచ్చేలోపు. ఆ రెండు గంటలకు మొగుడు పెట్టిన పేరు "ఖాళీగా ఉండేది". "ఖాళీగానే ఉంటావు కదా, ఆ పని కూడా చూడు" అని దానిలోకి ఇంకో నాలుగు పనులు తోసేసేవాడు.

అసలు గొడవ పాటలతోనే మొదలైంది. ఆస్మా ఒక పాట వింటుంది, బాగుంటుంది, జమ్మలమడుగులో ఉన్న చెల్లెలు ఆసియాకు పంపుతుంది. ఆసియా ఫోనేమో ముందు ఫలానా యాప్ వేసుకోమంటుంది. పులివెందులలో ఉన్న స్నేహితురాలు శ్వేతకు పంపితే, అక్కడ ఇంకో యాప్. ముగ్గురు ఆడవాళ్ళకు మూడు యాప్‌లు, ఎవరి మొగుడు ఏది తెచ్చిపెడితే అది! ఇంజనీరింగ్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్న ఆస్మా, శ్వేత దీనికి విరుగుడు కనిపెట్టారు. నీ యాప్‌లో పాట లింకు తీసి ఇందులో పెడితే చాలు, అవతలివాళ్ళ దగ్గర ఏ యాప్ ఉంటే అందులో అదే పాట మోగుతుంది. గీసేది ఆస్మా, కోడ్ రాసేది శ్వేత. దానికి 'పాటసద్ది' అని పేరు పెట్టుకుని, ఫోన్‌లోనే ఇద్దరూ అరగంట మురిసిపోయారు.

మూడు ఊళ్ళలో ఇరవైమంది ఆడవాళ్ళకు యాప్ ఇచ్చి, వారం రోజులు వాడి చూడమన్నారు. అందరికంటే ముందు అలవాటుపడింది ఆస్మా అత్త గులాబ్‌బీ. శ్వేత కవలపిల్లలకు పేర్లు పెట్టిన రోజున ఆమెకు శ్వేత అత్త రామేశ్వరమ్మతో జత కుదిరింది. ఇద్దరూ చిన్నప్పుడు కడప రేడియో విన్నవాళ్ళే, ఇద్దరికీ అవే పాటలు ఇష్టం. మంగళవారం పొద్దున గులాబ్‌బీ ఒక పాత పాట పంపింది. నువ్వు రాక మల్లెలు వాడిపోయాయని హీరోయిన్ ఏడ్చే పాట.

పులివెందులలో ఫోను మోగేసరికి రామేశ్వరమ్మ పెరట్లో ఉంది. ఆమె భర్త సంజీవయ్య గొర్రెల్ని తోలి అప్పుడే వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "షాహిద్ మీ కోసం పంపిన పాట" అని ఉంది. పాట నొక్కాడు. విన్నాడు. కింద నంబరు కూడా ఉంటే ఫోన్ చేశాడు.

షాహిద్ ఆ సమయానికి తన మొబైల్ అంగట్లో రెండు చేతుల్తో ఎవరి ఫోనుకో గ్లాసు అతికిస్తున్నాడు. అందుకని స్పీకరు పెట్టాడు. పెట్టకుండా ఉండాల్సింది.

"ఎవురప్పా నువ్వు?"

"షాహిద్ మొబైల్స్. చెప్పన్నా, ఏం కావాల?"

"నాకేం వద్దులే. మా ఇంటిదానికి మల్లెపూల పాటలు పంపిస్తాండావే, ఏంది నీ కథ?"

అంగట్లో ఏడుగురున్నారు. ఏడుగురూ విన్నారు.

ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. షాహిద్‌కు కోపం తలకెక్కితే మాత్రం తెలుగులోకి దిగుతాడు. ఆ రోజు అంగడి వదిలి వచ్చి గడపలోనే దిగాడు. "తీసెయ్ ఆ యాప్! సాయంత్రానికల్లా ఉండకూడదు! నా పేరుతో ఎవురెవురికి ఏమేం పాటలు పోయినాయో ఏమో. బజార్లో తల ఎట్ల ఎత్తుకోవాల నేను?"

"పంపింది నేను రా" అంది గులాబ్‌బీ మంచం మీద నుంచి.

"నువ్వా అమ్మీ?"

"నా స్నేహితురాలికి నేను పంపుకున్నా. నిన్నెవురు మధ్యలో దూరమన్నారు?"

షాహిద్ మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. అయినా పోతూ పోతూ "సాయంత్రానికల్లా" అని ఇంకోసారి చెప్పిపోయాడు.

ఆస్మా లాప్‌టాప్ తెరిచింది. నిజంగా తీసేయాల్సి వస్తుందేమో. ఆర్నెల్ల పని, ఒక్క నొక్కుతో పోతుంది. పొద్దుటి నుంచి పోయిన పాటల పట్టీ చూసింది. నలభై ఏడు పాటలు. పంపినవాళ్ళు అన్సర్, మోహన్, అబ్దుల్ సలాం, ప్రవీణ్, షాహిద్, మళ్ళీ షాహిద్. కువైట్‌లో ఎడారిలో బండి నడుపుకుంటున్న చెల్లెలి మొగుడు అన్సర్ తనకు లాలిపాట పంపినట్టుంది! అది ఆసియా పంపింది. ముందు ఆస్మాకు నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇరవైమంది ఆడవాళ్ళు పంపిన పాటల్లో ఒక్క ఆడపేరు లేదు. ఇది చేసింది ఎవరు? షాహిద్ కాదు, సంజీవయ్య కాదు. క్యాలెండర్ వెనక తన చేతి రాతే ఉంది: 'పేరు, నంబరు పాటల ఖాతా నుంచి తీసుకోవాలి.' పాపం వాళ్ళకు టైపు చేసే శ్రమ ఎందుకని రాసింది. ఖాతాలు మొగుళ్ళవనీ కొడుకులవనీ ఆమెకు తెలియదా? గ్యాస్ బుక్కు షాహిద్ పేరు, వైఫై షాహిద్ పేరు, తన చేతిలోని సిమ్ము షాహిద్ పేరు. కొరియరు వాడు "షాహిద్ గారి ఇల్లేనా" అంటే పదేళ్ళుగా అవునంటూనే ఉంది. తను మూడు గంటలు నిలబడి వండిన బిర్యానీని కూడా వీధంతా "షాహిద్ వాళ్ళింటి బిర్యానీ" అనే తింటుంది. సరే, వాళ్ళన్నారు. నేను కూడానా? అనుకుంటే సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకనే, ఎందుకో, ఒళ్ళంతా హుషారొచ్చింది. తప్పు తన చేతిలోనిదైతే దిద్దేది కూడా తనే కదా!

శ్వేతకు ఫోన్ చేసింది. అవతల శ్వేత అప్పటికే నవ్వి నవ్వి అలిసిపోయి ఉంది.

"మా మామ ఇంకా ముటముటలాడతానే ఉండాడు మే. మా అత్తేమో, నా పాట నేను మూడుసార్లు విన్యా, ఇంకోసారి ఇంటా పో అనింది. ఏం చేద్దాం, తీసేద్దామా?"

"తీసేసేది లేదు. ఇంకో పెట్టె పెట్టాల."

"ఏం పెట్టె?"

"ఖాళీ పెట్టె. మొట్టమొదటే రావాల. 'మీ పేరు?' అని అడగాల, అంతే. నంబరు ఎవురికీ కనపడకూడదు."

"ఇంతేనా? గంట పని."

"గంట పనే మే. ఆర్నెల్లు మనకు తోచలా."

ఒంటిగంటకు షాహిద్ అన్నానికి వస్తే ఆస్మా తల ఎత్తలేదు. "గిన్నెలు స్టవ్ మీదుండాయి. పెట్టుకోండి. నాకు పనుంది" అంది. పనుంది అన్న మాట ఆ రెండు గంటల మీద ఆమె వాడడం అదే మొదటిసారి. అతను మూతలు చప్పుడు చేస్తూ పెట్టుకున్నాడు, తిన్నాడు, పోయాడు. మిన్ను విరిగి పడలేదు.

సాయంత్రానికి యాప్ పోలేదు, కొత్తది వచ్చింది. ముందు గులాబ్‌బీకే ఇచ్చింది. మెకానిక్ సాబ్ భార్యగా, ఆ తర్వాత షాహిద్ వాళ్ళమ్మగా నలభై ఐదేళ్ళు బతికిన మనిషి ఆ ఖాళీ పెట్టె వైపు కాసేపు అలాగే చూసింది. తర్వాత చూపుడువేలుతో ఒక్కో అక్షరం వెతుక్కుని, తప్పు పడితే చెరిపి, మళ్ళీ వెతుక్కుని, గులాబ్‌బీ అని రాసింది. "బాగుంది కదా?" అంది కోడలితో. ఆస్మాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మరుసటి రోజు పొద్దునకు పట్టీ నిండిపోయింది. రామేశ్వరమ్మ, ఆసియా, మెహబూబున్నీసా, శ్వేత, గులాబ్‌బీ, మళ్ళీ గులాబ్‌బీ.

పదకొండున్నరకు ఆస్మా ఎర్రగడ్డలు తరుగుతుంటే అంగడి నుంచి ఫోన్ వచ్చింది. తనూ స్పీకరు పెట్టింది.

"ఆస్మా, అన్సర్‌కు ఒక పాట పంపిద్దామంటే నీ యాప్ ముందుకే పోదే! నన్ను పేరడుగుతాంది. మొన్నటిదాకా దానంతటదే వస్తాండె కదా నా పేరు?"

మంచం మీద గులాబ్‌బీ కిసుక్కుమంది. ఆస్మా ఇంకో గడ్డ చేతిలోకి తీసుకుంది.

"రాసుకోండి. మేమందరం రాసుకున్నాం."