క్యాసెట్ గొంతు

సిద్దిరాములు మళ్లీ ఆ మెట్టు ఎక్కలేకపోయాడు. పాటలో "పొద్దు" అనే మాట దగ్గరికి రాగానే గొంతు చీలి, దగ్గు తెర వచ్చింది. అద్దం అవతల మిషన్ల ముందు కూర్చున్న భానుప్రసాద్ చెయ్యెత్తి రికార్డింగు ఆపాడు. మర్యాదస్తుడు. బాగాలేదని అనలేదు, కాసిని మంచినీళ్లు తాగమన్నాడు. ఈ కాలం స్టూడియోల్లో బాగాలేదని చెప్పే పద్ధతి ఇదే కాబోలని సిద్దిరాములు అనుకున్నాడు.

కరీంనగర్‌లో ఒక మందుల దుకాణం మీద ఉన్న రెండు గదులే ఆ స్టూడియో. మూలన రహీమ్ గిటార్ ఒళ్లో పెట్టుకొని, తలవంచి తంతులు తుడుస్తున్నాడు. తుడవాల్సినంత దుమ్ము వాటి మీద లేదు. స్నేహితుడి మొహం చూడలేక ఆ పని పెట్టుకున్నాడంతే.

వీళ్లిద్దరూ కలిసి వయసులో ఉన్నప్పుడు "పడుగు పేక" అనే బృందం కట్టారు. రహీమ్‌ది ఆదిలాబాద్. నాగ్‌పూర్ నుంచి మేనమామ తెచ్చే రాక్ క్యాసెట్లు విని గిటార్ నేర్చుకున్నాడు. ఒక పెళ్లికి సిరిసిల్ల వచ్చి, సందులో నడుస్తూ, మరమగ్గం చప్పుడుకు పదం కలిపి పాడుతున్న సిద్దిరాములు గొంతు విని అక్కడే నిలబడిపోయాడు. పెళ్లి విందు సంగతి కూడా మరచిపోయాడంటే ఎంత ముచ్చటపడ్డాడో తెలుస్తుంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. డ్రమ్ములు కొనే తాహతు లేదు కనుక సాంచానే డ్రమ్ములనుకుందామన్నాడు రహీమ్. ఒక మధ్యాహ్నం తక్కిన సాంచాలన్నీ బందుపెట్టి, సిద్దిరాములు నడిపే సాంచా ఒక్కదాన్నే తిప్పుతూ, షెడ్డులోనే పాటలు రికార్డు చేశారు. క్యాసెట్ రెండో వైపంతా ఒకటే పాట. పాటనా పురాణమా అని నవ్వినవాళ్లు కూడా నెల తిరిగేసరికి ఆ పాటే కూనిరాగం తీశారు.

ఆ తర్వాత హుస్నాబాద్‌లో కార్యక్రమం పెట్టారు. మైదానం నిండా జనం. ఆ పాటలో "పొద్దు" దగ్గర సిద్దిరాములు గొంతు చీలింది. జనంలోంచి ఎవడో, "గీయన పాడుడెందుకు, క్యాసెట్ పెట్టుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. సిద్దిరాములు కూడా నవ్వాడు, మరేం చేస్తాడు. ఇంకో రెండు ఊళ్లలో అదే జరిగాక, తనకు గొంతు పోయిందని తేల్చుకొని పాట మానేశాడు. ఇంట్లో ఆ క్యాసెట్ మోగనివ్వలేదు. సాంచా దగ్గర పని చేసుకుంటూ కూడా నోరు విప్పలేదు. రహీమ్ ఆదిలాబాద్‌కు వెళ్లి జిన్నింగు మిల్లులో కుదురుకున్నాడు.

ఇన్నేళ్లకు ఆ క్యాసెట్‌ను ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు. పిల్లలు వింటున్నారు, కొత్త ఆల్బమ్ చేద్దామని భానుప్రసాద్ ఇద్దరినీ వెతికి పట్టుకున్నాడు. సిద్దిరాములు ఇంటి దగ్గర నెల రోజులు గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించాడు. తనకు పెద్ద ఆశలేమీ లేవు. తన పాట తన నోటితో, చీలకుండా, ఒక్కసారి పూర్తి చేయాలి. అదొక్కటే ఆశ.

భానుప్రసాద్ లోపలికి వచ్చి, నేల చూపులు చూస్తూ రెండు మార్గాలు చెప్పాడు. సిద్దిరాములు కింది శ్రుతిలో పాడితే, కంప్యూటర్‌లో దాన్ని పాత క్యాసెట్ ఎత్తుకు లేపుతాడు. లేదంటే మంచిర్యాలలో మంచి గొంతున్న కుర్రాడున్నాడు, పాట అతను పాడతాడు, మొదట్లో నాలుగు మాటలు సిద్దిరాములు చెబుతాడు. జనానికి ఆ గొంతే తెలుసు కదా సార్ అన్నాడు.

సిద్దిరాములుకు ఒళ్లు మండింది. నా గొంతుకు నేనే సరిపోనప్పుడు ఇక్కడ నాకేం పని అనుకొని కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. జర ఆగమని రహీమ్ అన్నా వినిపించుకోలేదు. చెప్పుల్లో కాలు పెడుతుంటే, పోనీ ఒక్కసారి పాత పాట విని వెళ్లమని భానుప్రసాద్ బతిమాలి, పెద్ద స్పీకర్లలో పెట్టాడు.

ముందుగా సాంచా చప్పుడు వచ్చింది. అప్పట్లో అరచేయంత టేప్‌రికార్డర్‌లో అది గరగరగా తప్ప వినపడేది కాదు. ఇప్పుడు గది నిండా టకటకమని మోగింది. సిద్దిరాములు కాలు అలవాటుకొద్దీ ఆడబోయింది, అందుకోలేక తడబడింది. మళ్లీ ఆడించి చూశాడు. మళ్లీ వెనకబడ్డాడు. రెండో చెప్పు తొడగకుండానే లోపలికి వచ్చాడు.

"గీ సాంచా నాది గాదు" అన్నాడు.

ఇద్దరికీ అర్థం కాలేదు. తన సాంచా అంత జోరుగా ఎన్నడూ నడవలేదని, నడిస్తే పోగులు తెగి కూర్చుంటుందని, పైగా ఆ మధ్యాహ్నం కరెంటు కూడా అంతంత మాత్రంగా ఉందని చెప్పాడు. దాన్ని నెమ్మది చేయడం వీలవుతుందా అని అడిగాడు. భానుప్రసాద్ టేపు వేగం కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయాడు. సిద్దిరాములు కళ్లు మూసుకొని కాలు ఆడిస్తూ నిలబడ్డాడు.

"ఆగు. గిదీ నా సాంచా."

అప్పుడు పాట మొదలైంది. బరువైన, కొంచెం బొంగురు తగిలిన గొంతు. "పోగు తెగితే అతుకుదువు గాని సాలెన్నా, పొద్దు తెగితే ఎట్లతుకుదువు." ఎక్కడా ఎగబాకడం లేదు. మనిషి నిలబడి మాట్లాడుతున్నంత తీరుగా ఉంది. సిద్దిరాములు పక్కనున్న కుర్చీ తడుముకొని కూర్చున్నాడు. తన అసలు గొంతును బయటినుంచి వినడం అతనికి అదే మొదలు.

రహీమ్ గిటార్ తంతులన్నీ వదులు చేసి, ఆ పాటతో కలిపి మీటాడు. సరిగ్గా అతికింది. అప్పట్లో క్యాసెట్ కాపీలు తీసిన షాపులో అసలు టేపును తిప్పిన మిషన్ జోరుగా తిరిగింది, దాంతో సాంచా, గొంతు రెండూ పైకి లేచాయి, ఇంకేం కాదు. అసలు టేపు ఆ షాపులోనే ఎటో పోయింది, వీళ్ల చేతికి వచ్చినవన్నీ కాపీలే.

"నాకు యాదికొస్తుంది రాములన్నా" అన్నాడు రహీమ్. "హుస్నాబాద్ పొయ్యే ముందట క్యాసెట్ పెట్టుకొని గిటార్ కలుపుకున్నం. కలువలే. షెడ్డుల మనమే శ్రుతి తప్పినం అనుకొని తంతులు పైకి గుంజిన. ఒకటి తెగింది గుడ. ఇంకోటి ఏసి మల్ల గుంజిన. అందరు పాటను చూసి క్యాసెట్ చేస్తరు. మనం క్యాసెట్‌ను చూసి మన శ్రుతి మార్చుకున్నం."

సిద్దిరాములుకు నవ్వు రాలేదు. ముందు కోపం వచ్చింది, ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఆ షాపువాడి మొహం కూడా గుర్తులేదు. తర్వాత ఏడుపొచ్చింది. లేని గొంతు కోసం ఉన్న గొంతును మూసిపెట్టాడు. సాంచా ముందు నోరు కట్టేసుకొని నిలబడ్డ పగళ్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కండువాతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. రహీమ్ ఈసారి తంతులు తుడవలేదు, వచ్చి పక్కన కూర్చున్నాడు.

భానుప్రసాద్ సందేహం మాత్రం తీరలేదు. నిజం ఏదైనా, జనం చెవిలో ఉన్నది ఆ పై గొంతే కదా, దీన్ని ఒప్పుకుంటారా అని మెల్లగా అడిగాడు. అబద్ధమేమీ కాదు, న్యాయమైన భయమే. సిద్దిరాములు ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

భార్య దేవవ్వతో అతనికి ఈ విషయంలో పాత లెక్క ఒకటి ఉంది. క్యాసెట్ కొత్తగా ఇంటికి తెచ్చి వినిపించిన రోజు, పొయ్యి దగ్గరినుంచి లేవకుండానే "గిదెవలు పాడిన్రు" అని అడిగింది. ఎకసక్కెమాడిందని సిద్దిరాములు రెండు రోజులు మాట్లాడలేదు. ఆ మాట ఇప్పటికీ ముల్లులాగే ఉంది.

ఏమీ చెప్పకుండా ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టి, నెమ్మది చేసిన పాట వినిపించాడు. పాట అయ్యాక, ఫోన్ కట్టయిందేమోనని లైనులో ఉన్నావా అని అడిగాడు.

"ఉన్న, ఉన్న" అంది దేవవ్వ. "గిది మనింటి గొంతు. నేను బువ్వ గంప పట్టుకొని షెడ్డుకు వస్తుంటె సందు మొదట్లనే ఇనపడేది. గప్పుడు క్యాసెట్ల ఎవలో పిలగాడు పాడిండు. నేను గదే అడిగితె నువ్వు అలిగినవ్."

బువ్వ తిన్నావా అని ఆమె అడిగితే, ఇంకా లేదన్నాడు. పాడినంక తిను, కడుపు నిండితే నీకు పాట రాదని చెప్పి ఆమె పెట్టేసింది. ఆ సంగతి ఆమెకు గుర్తుందని అతనికి తెలియదు.

ఇక భానుప్రసాద్‌కు సందేహం తీరింది. మైకు సర్దాడు. సిద్దిరాములు ఒక్కటే కోరాడు, తాళానికి కంప్యూటర్ టిక్కుటిక్కు వద్దు, ఆ పాత సాంచానే పెట్టమన్నాడు. ఆ సాంచాను యజమాని ఎప్పుడో ఇనుప సామానుకు అమ్మేశాడు. అయినా చెవుల్లో అది మెల్లగా, కుదురుగా నడవడం మొదలుపెట్టింది. కాలు దానితో కలిసింది. వదులైన తంతుల మీద రహీమ్ అందుకున్నాడు.

మొదటి పాదం దాటింది. "పొద్దు" దగ్గరికి వస్తుండగా సిద్దిరాములు అలవాటుకొద్దీ మెడ నిక్కించి, మడమలు లేపి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. హుస్నాబాద్ మైదానం, ఆ నవ్వు, అన్నీ కళ్లముందుకు వచ్చాయి. మాట చీలకుండా నోట్లోంచి వచ్చేసింది, పక్క పదం కూడా వచ్చేసింది. ఎక్కవలసిన మెట్టే అక్కడ లేదు. అతను మెల్లగా మడమలు నేలకు ఆనించి, కళ్లు తెరిచి, పాడుతూ పోయాడు.