జార్జియన్‌లో ఒక క్షమాపణ

తన దేశం ఉక్రెయిన్ మీద పడిందన్న సిగ్గుతో వదీమ్ రష్యా వదిలి జార్జియా రాజధాని టిబిలిసి చేరాడు. అక్కడ రష్యన్‌లో నోరు విప్పితే ఎదుటివాళ్లు ముఖం తిప్పుకుంటున్నారనిపించింది. అందుకని పది రోజులు కూర్చుని జార్జియన్‌లో ఒక వాక్యం బట్టీపట్టాడు: "మా దేశం చేస్తున్న యుద్ధానికి సిగ్గుపడుతున్నాను, క్షమించండి." టాక్సీ డ్రైవరుకు చెప్పాడు, పళ్లకొట్లో చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గుండె బరువు కాస్త దిగేది.

ఒక ఉదయం రొట్టెలు కాల్చే లమారాకూ అప్పజెప్పాడు. ఆమె మట్టి పొయ్యిలోకి వంగి రొట్టె ఊడదీస్తూ రష్యన్‌లోనే అడిగింది.

"ఏ యుద్ధానికి నాయనా?"

"ఉక్రెయిన్‌దానికండీ."

"మరి మాదో? రెండువేల ఎనిమిదిలో గోరీలో మా ఇల్లు మీ విమానాలే కూల్చాయి. అప్పుడెక్కడున్నావు?"

ఆ వేసవిలో వదీమ్ సముద్రపు ఒడ్డున సెలవుల్లో ఉన్నాడు. యుద్ధం ఐదు రోజుల్లో ముగిసిందని టీవీలో చెబితే అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. తరవాత మరిచిపోయాడు.

"దానికి... నేర్చుకోలేదండీ."

వరసలో వెనకున్న ముసలాయన నిట్టూర్చాడు. "రొట్టె ఇచ్చి పంపవే లమారా. వీళ్ల యుద్ధాల జాబితా ఇవాళ తేలదు."

"ఉండు మామయ్యా," అని లమారా వదీమ్ చేతిలో వేడి రొట్టె పెట్టింది. "నేర్చుకోవడం దేనికి? మీ భాషలోనే చెప్పు, నాకొచ్చుగా."

పరాయి భాషలో ఊరంతా గడగడా చెప్పుకొచ్చినవాడికి సొంత భాషలో ఒక్క మాట పెగల్లేదు. రొట్టె పట్టుకుని పక్కకు జరిగాడు.