వేళ్ళకు అంటిన మట్టి

నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. గోడకు తగిలించిన అద్దం ముందు నిలబడి నాన్న ఒక చెంప గీసుకుని, రెండో చెంపకు నురగ పట్టిస్తున్నాడు. చేని నుంచి వచ్చిన అక్క, రెండు మొక్కజొన్న మొక్కలు తెచ్చి నా ముందు పెట్టింది.

ఒకటి ఎండి చుట్టుకుపోయింది. దాని వేళ్ళు ఉత్త దారాల్లా ఉన్నాయి. రెండోది వడిలినా పచ్చగానే ఉంది. దాని ప్రతి వేరుకూ తొడుగు తొడిగినట్టు మట్టి అంటుకుని ఉంది. అక్క గట్టిగా విదిలించింది. ఆ మట్టి రాలలేదు.

"అవి బతికే ఉన్నాయే," అంది.

అవి అంటే అక్క పెంచిన సూక్ష్మజీవులు. అక్క మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఎంత ఎండకూ చావని గట్టు మీది గడ్డి వేళ్ళ నుంచి వాటిని తీసి, సీసాల్లో పెంచి, బొగ్గుపొడిలో కలిపి, పంచదార నీళ్ళతో విత్తనాలకు పట్టించింది. అవి వేరు చుట్టూ జిగురు కడతాయనీ, ఆ జిగురు తడిని పట్టి ఉంచుతుందనీ, వాన మొహం చాటేసినా మొక్క ఓర్చుకుంటుందనీ చెప్పింది.

పంటలు వరసగా ఎండిపోయి, చేను ఇటుకల బట్టీకి ఇచ్చేద్దామని నాన్న అనుకుంటున్న రోజులవి. బట్టీవాళ్ళు నడుం లోతు మట్టి తవ్వుకుపోతారు. "ఈ ఒక్క పంటకీ నా మాట విను నాన్నా," అని అక్క బతిమాలితే నాన్న సరేనన్నాడు. అంతేకాదు, దారిన పోయేవాళ్ళను ఆపి మరీ, "మా ఇంట్లో మనవలు పుట్టారయ్యా, కోట్లమంది! ఒక్కడూ ఏడవడు," అని నవ్వించేవాడు.

వాన రాలేదు. అందరి చేలతో పాటు మాదీ ఎండింది. నాన్న బట్టీ యజమానికి మాట ఇచ్చేశాడు. రేపే తవ్వకం.

"పచ్చది ఎక్కడిదే అక్కా?"

"ఆ మూలది. నేను పనికెళ్ళిన రోజు నాన్న విత్తాడు కదా. సాయంత్రం, నేను విత్తనాలకు పట్టించిన గిన్నె అడుగున అంటుకుని మిగిలిన గింజలు నేను గుచ్చాను. ఆ మూలంతా ఇలాగే ఉంది."

అద్దం ముందు నాన్న చెయ్యి ఆగింది.

"విత్తే ముందు ఏం చేశావు నాన్నా?"

"ఏం చేస్తాను? విత్తాను."

"నాన్నా!"

"నురగ ఆరిపోతోంది, ఉండవే."

అక్క కదలలేదు.

"గింజలు సంచిలోకి ఒంపుకుని కాస్త మందుపొడి కలిపాను," అన్నాడు నాన్న అద్దంలోకే చూస్తూ. "ఏటా కలిపేదే. బూజు పట్టి మొలవకపోతే నలుగురూ నిన్ను చూసి నవ్వరూ? నీ మంచికేగా."

"ఆ పొడి వాటిని చంపేస్తుందని చెప్పానా, లేదా?"

"చెప్పావు. కంటికి కనబడని దాన్ని నమ్మి ఏడాది కష్టం మట్టిలో పొయ్యాలంటే ధైర్యం చాలలేదమ్మా."

"చాలకపోతే నాతో అనాల్సింది. మనవలన్నావు." అక్క గొంతు పెద్దది కాలేదు. "పోనీ, చేను ఎండాకైనా అనాల్సింది. తప్పు నాదేనని నేను ఇంటింటికీ తిరిగి చెప్పుకుంటుంటే, పక్కనే నిలబడి 'పోనీలెండి, చిన్నపిల్ల' అన్నావు!"

ఆ మాట నేనూ విన్నాను. అప్పుడు నాన్న ఎంత మంచివాడో అనుకున్నాను.

"ఇప్పుడే వెళ్ళి బట్టీ ఆయనతో చేను ఇవ్వనని చెప్పు. పంట చెడగొట్టింది నువ్వేనని కూడా చెప్పు."

నాన్న మొహం మీద నురగ ఎండి పగిలింది. భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప మాసిపోయి కనిపించాయి.

"ఒకసారి మాట ఇచ్చాక వెనక్కి తీసుకుంటే నా పరువేం కావాలే?"

అక్క నాన్నను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. గోడవారనున్న పార అందుకుంది. ఆ మూల మట్టికి సరిపడా ఖాళీ గోనెసంచులు చంకన పెట్టుకుంది.

"ఎక్కడికే? ఏమన్నా తిని వెళ్ళు," అన్నాడు నాన్న.

అక్క చెప్పులు తొడుక్కుని చేని వైపు నడిచి వెళ్ళిపోయింది.