తమ్ముడి బీరువాలోని మాత్ర

"ఈ మడత చూడు, గొడ్డు నాకినట్టుంది," అంది మా అత్త, నేను ఇస్త్రీ చేసిన మాకా చర్చి లుంగీని ఎత్తి చూపిస్తూ. మాకా నా మొగుడు. ఆదివారం, పొద్దున ఏడు. అప్పటికే నేలలో తవ్విన పొయ్యిలో చేమదుంపలు పాతిపెట్టి, ముగ్గురు పిల్లలకు తలలు దువ్వాను. మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాను. బుర్రలో ఒకటే లెక్క. శుక్రవారం రాత్రి నుంచి ముప్ఫై నాలుగు గంటలు.

ఆ రాత్రి మాకా మగాళ్ళతో కూర్చుని కావా, అదే మత్తెక్కించే వేరు రసం, తాగి వచ్చాడు. వద్దన్నాను. "పెళ్ళాం వద్దంటే ఆగిపోయే మగాడు ఈ దీవిలో ఎవడే, సెయినీ?" అని నవ్వాడు. మూడో కాన్పులో నా కడుపు కోసిన డాక్టరు చెప్పినప్పుడు పక్కనే ఉన్నాడు. "ఇంకో కడుపొస్తే గర్భసంచి చిట్లుతుంది. తల్లి దక్కదు." అప్పుడు తలాడించాడు. మర్చిపోయాడా, గుర్తుండే చేశాడా? ఏది నయమో నాకు తెలియదు.

మూడు నెలలకోసారి నాకు కడుపు రాకుండా ఇంజెక్షన్ వేసే నర్సమ్మ బదిలీ అయింది. ఆమె స్థానంలో ఫెలేతి వచ్చాడు. మా పిన్ని కొడుకు, మా టోంగా దీవుల వాళ్ళ లెక్కలో సొంత తమ్ముడే. మాలో అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో కూర్చుని సినిమా కూడా చూడరు. వాడి ముందు ఆ మాట ఎలా ఎత్తను? అందుకే ఇంజెక్షన్ తేదీ దాటి రెండు నెలలైంది. దీవిలో ఉన్న ఒకే ఒక్క మందుల బీరువా తాళం వాడి దగ్గరే ఉంది. పడవ మంగళవారం దాకా రాదు.

చర్చిలో పాట మధ్యన, నాతో చాపలు అల్లే ఫుసి చెవిలో, కడుపు రాకుండా మర్నాడు వేసుకునే మాత్ర సంగతి వేశాను.

"మర్నాటి మాత్రా? మర్నాడు నిన్ననే అయిపోయింది కదే పిచ్చిదానా! మీ తమ్ముణ్ణి మాత్రం అడగకు. వాడు సముద్రంలో దూకుతాడు."

మధ్యాహ్నం రెండింటికి, భోజనాలై ఊరంతా నిద్రపోతున్నప్పుడు, ఆలస్యమైపోయిందనుకుంటూనే ఆస్పత్రికి వెళ్ళాను. కాళ్ళు ఆగలేదు.

ఫెలేతి ఆస్పత్రి అరుగు మీంచి లేచి తల దించుకున్నాడు. "ఏంటక్కా, పిల్లలకి జ్వరమా?"

మొగుడింట్లో నేను కట్టెలు కొట్టే మనిషిని. మా ఆచారంలో తమ్ముడికి మాత్రం అక్క మాట కాదనే హక్కు లేదు. ఆ మర్యాదే రెండు నెలలుగా నా నోరు నొక్కింది. ఈసారి దాన్ని నేనే వాడుకున్నాను.

"బీరువా తాళం ఇవ్వు. మెట్లు దిగి అటు తిరిగి నిలబడు. ఏమీ అడగకు."

"రూలు ఒప్పుకోదక్కా..."

"నేను నీ అక్కని."

చెవుల దాకా ఎర్రబడి ఇచ్చాడు.

లోపల, గోడ మీది కేలండర్ కింద ఒక కాగితం అంచు కనిపించింది. కేలండర్ని లాగేశాను. నర్సమ్మ అతికించిన పోస్టరు. నాలాంటి అక్కల కంట పడుతుందని సిగ్గుపడి ఫెలేతి కప్పేశాడు. "మూడు రోజుల్లోపు వేసుకోండి. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఇది గర్భం రాకుండా ఆపుతుంది, వచ్చిన గర్భాన్ని తీసేయదు. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోండి. నెల తప్పితే పరీక్ష చేయించుకోండి."

నలభై ఒక్క గంటలు. టైముంది! ఒక కేలండర్ నన్ను చంపబోయింది.

పోస్టరు మీది బొమ్మతో పోల్చి పెట్టె వెతికి, మాత్ర మింగాను. బల్ల మీద పళ్ళు బిగించి కూర్చున్నాను. వాంతి వచ్చేలా ఉంది. ఆపుకున్నాను. రెండు గంటలు. బయట ఫెలేతి ఎండలోనే నిలబడ్డాడు, కూర్చోమని నేను చెప్పలేదు కాబట్టి.

"అక్కా, తాళం..." వీపు చూపిస్తూనే అడిగాడు.

"ఇదిగో. ఆ మాత్రల పెట్టె మాత్రం నాతో వస్తోంది. ఈ దీవిలో సగం మంది ఆడవాళ్ళు నీకు అక్కచెల్లెళ్ళే. నిన్ను అడగలేనివాళ్ళు నన్ను అడుగుతారు."

వెనక్కి చెయ్యి చాపి తాళం అందుకున్నాడు. "బావ చూస్తే?"

"చూడాలనేరా, ముందు గదిలో పెడతాను."